కొబ్బరి చిప్పలో సుతి

రసూల్ చిన్నాన్న స్పిన్నింగ్ మిల్లులో చేరాక మా నాన్న మేళంలో సుతి పట్టే మనిషి లేకుండా పోయాడు. నాన్న నాదస్వరం వాయిస్తుంటే పక్కన కూర్చుని, ఒకే ఒక్క స్వరాన్ని తెగకుండా ఊదుతూ ఉండే పని అది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆగితే మాత్రం అందరికీ తెలుస్తుంది.

పాలిటెక్నిక్‌లో నేను చేసిన ప్రాజెక్టు అప్పుడే నాన్న కంటపడింది. ఆర్డునో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు, దానికో బజర్. సెకనుకు ఎన్నిసార్లు కంపించాలో చెబితే బజర్ ఆ స్వరం పలుకుతుంది. సరిగమలు పలికించి చూపించాను.

"దీంట్లో మన సుతి వస్తదా?" అన్నాడు.

"వస్తది. నేనూదినా వస్తది."

"మిషన్ సంగతి అడిగితే మనిషి సంగతి చెబుతావేందే."

నా ఒళ్ళు మండిపోయింది. చిన్నప్పటి నుంచీ పొద్దున సాధకానికి సుతి ఊదింది నేనే. బుగ్గల్లో గాలి నిలుపుకుని, అది బయటికి పోతుండగానే ముక్కుతో కొత్త గాలి పీల్చడం నేర్పింది ఆయనే. కాని వీధి తలుపు వేసి నేర్పాడు. పందిట్లోకి తీసుకెళ్ళమంటే, "ఆడపిల్ల నలుగుర్లో బుగ్గలు ఉబ్బించుకుని కూర్చుంటే ఏం బాగుంటది రుక్సానా" అన్నాడు. ఆ మాట విన్నాక అద్దం ముందు నిలబడి బుగ్గలు ఉబ్బించి చూసుకున్నాను. ఎంతసేపు చూసినా సిగ్గు రాలేదు. ఆయన సిగ్గును నా ముఖం మీద ఎందుకు మోయాలో అర్థం కాలేదు.

బజర్‌కు బుగ్గలు లేవు. అందుకే దానికి పందిట్లో చోటు దొరికింది.

అయినా బోర్డూ బజరూ ఇమిడేలా ఒక సుతి పెట్టె చేశాను. చేయకపోతే చేతకాలేదంటాడు. మొదటిసారి విని, "ఏందే ఇది, సీసాలో పడ్డ ఈగ మాదిరి" అన్నాడు. బజర్‌ను కొబ్బరి చిప్పలో బిగించి పెట్టె మీద అమర్చాను. గొంతు కాస్త మెత్తబడింది. ఇంకో చిక్కు నాకు ముందే తెలుసు. ఊదేకొద్దీ నాదస్వరం వేడెక్కి స్వరం పైకి పోతుంది. సుతి ఊదే మనిషి చెవితో పసిగట్టి, పెదవి బిగించి వెంట పోతాడు. బోర్డు పోదు, చెప్పిన చోటే నిలబడుతుంది. అందుకని స్వరం పెంచడానికి ఒక నాబ్ పెట్టాను.

"దీన్ని ఎవరు తిప్పుతారు?"

"నీ చేతులు ఖాళీగా ఉంటే నువ్వే తిప్పు."

నాన్న నాబ్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "సరే, వినుకొండ పెళ్ళికి రా. ఎవరన్నా అడిగితే మిషన్ పిల్లవని చెబుతా."

కూతుర్నని కూడా కాదు. సంచిలో పెట్టెతో పాటు సుతి సన్నాయి కూడా సర్దుకున్నాను.

పందిట్లో పెళ్ళికూతురి పెదనాన్న లక్ష్మీనారాయణ మా ముందు ఆగాడు. "ఏంది జాన్ సాహెబూ, చిప్ప పట్టుకొచ్చావు? వాయించటానికా, అడుక్కోటానికా?"

నాన్న నవ్వాడు. "మా అమ్మాయి చేసిన మిషన్ బాబాయ్. సుతంతా దాంట్లోనే ఉంది."

మిషన్ పిల్ల కాస్తా అమ్మాయి అయింది. ఆ గొంతులో గర్వం వినబడింది. ఇన్నేళ్ళ నా ఊపిరికి ఒక్కసారీ దొరకని గర్వం. ఒక చేయి నాబ్ మీదే ఉంచి, రెండో చేత్తో సంచిలోని సన్నాయిని దగ్గరికి లాక్కున్నాను.

పురోహితుడు చేయెత్తాడు. గట్టిమేళం మొదలైంది. తాళి ముడి పడేదాకా, ఏం జరిగినా నాన్న ఆపడు. అందుకే ఆ క్షణం ఎంచుకున్నాను. పెట్టె ఆపేసి, సన్నాయి నోట పెట్టుకుని బుగ్గలు నింపాను.

నాన్న కళ్ళు పక్కకు తిరిగాయి. చేతులు ఆగలేదు.

"అయ్యో, ఆ పిల్ల ఊదతంది చూడండే" అంది ఎవరో ముసలామె. "ఊదితే ఊదనీ, నువ్వు అక్షింతలు వెయ్" అంది పక్కనామె.

తాళి కట్టడం అయింది. నాన్న నాదస్వరం దించాడు. నావైపు చూడకుండానే చేయి చాచి పెట్టె స్విచ్ వేశాడు. నేను ఊదడం ఆపలేదు. గట్టిమేళమప్పుడు ఆయన నాదస్వరం ఇంకా పైకి పోయింది, నేనూ పోయాను. నాబ్ తిప్పే మనిషి లేక పెట్టె కిందే ఉండిపోయింది. రెండు సుతులూ ఒకదాన్నొకటి రాసుకుంటూ గాలిలో అదిరాయి. ఆ అదురు నాన్న చెవికి ఎంత నరకమో నాకు తెలుసు. నేను ఆపుతానని చూశాడు. నేను ముక్కుతో గాలి పీల్చుకున్నాను.

పెట్టె ఆపేశాడు. నాదస్వరం మళ్ళీ ఎత్తి, నా స్వరం మీద రాగం మొదలుపెట్టాడు.

నా మీద దయతో కాదు, చెవి ఒప్పుకోక. అది నాకు చాలలేదు. ఊదుతూనే ఉన్నాను.