ధర్మరాజుగారి నోటికి రాని మాట

ధర్మరాజుగారి నోట ఒక మోటు మాట విన్నవాళ్లు రాజోలు తాలూకాలో లేరు. ఎద్దుని అదిలించాలన్నా "పదండి" అనే మనిషి. ఇక నడుముకీ తొడలకీ మధ్యనుండే వెనక భాగాన్ని, మనిషిదైనా పశువుదైనా, ఆయన ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. లోకమంతా కుండ ముడ్డి అంటే ఆయన కుండ ఆసనం అంటారు. ఆనపకాయ కొన్నా ఆసనం చూసే కొంటారు. కాపురానికొచ్చిన కొత్తలో భార్య వీరాయమ్మ, గిన్నె ముడ్డి మాడిందని నోరు జారితే, ఆ పూట అన్నం ముట్టకుండా లేచిపోయారు. అప్పట్నుంచి ఆవిడ తన వంటింట్లో ఏ గిన్నెకీ అడుగు లేనట్టే నెట్టుకొస్తోంది.

అలాంటి మనిషికి దేవుడు ఎంత పరీక్ష పెట్టాడో చూడండి.

కూతురు ముత్యాలుని బండారులంక ఇచ్చారు. పెళ్లయ్యాక వియ్యపురాలు మహాలక్ష్మమ్మగారు మొదటిసారి వీళ్లింటికి వస్తున్నారు. పెళ్లిలో ఆవిడ ఉన్నంతసేపూ పెదవి విప్పలేదు. ఎంత హుందా అయిన మనిషోనని ధర్మరాజుగారికి అప్పట్నుంచీ హడలే. ఇంట్లో బూరెలకి పిండి రుబ్బుతుండగా, పాకలో గౌరికి నొప్పులు మొదలయ్యాయి. గౌరి ఆ ఇంటి గేదె. తుఫానులో పశువులన్నీ పోగా మిగిలిన ఒక్కగానొక్క ప్రాణం. ముత్యాలు దాని పాలు తాగే పెరిగింది. ధర్మరాజుగారు పరిగెత్తుకెళ్లి చూశారు. ఈనేటప్పుడు దూడ ముందుకాళ్లూ ముక్కూ కనబడాలి. అక్కడ కనబడుతున్నది తోక, దాని వెనకే నున్నగా, గుండ్రంగా ఇంకొకటి.

పశువుల డాక్టరు దానియేలుగారు కాలువకి అవతలి గట్టున ఉన్నారని తెలిసి పరిగెత్తారు. డాక్టరుగారు అప్పటికే కొత్తపేట పడవలో ఒక కాలు పెట్టారు. ఆ పడవెక్కితే మళ్లీ రేపటిదాకా రారు. ధర్మరాజుగారు ఇవతలి రేవులో నిలబడి గౌరి ఈనలేకపోతోందని కేకేశారు.

"ఏం కనబడుతోందండీ?" అని అట్నుంచి కేక వచ్చింది.

తోక కనబడుతోందన్నారు ధర్మరాజుగారు. తోకతోపాటు వెనక్కాళ్లు కూడా వస్తుంటే భయం లేదు, మెల్లగా లాగేసుకోండి, నేను రానక్కర్లేదు, అన్నారు డాక్టరుగారు. కాళ్లు మడతపడి ఇంకేదన్నా వస్తుంటేనే ప్రాణం మీదికొచ్చినట్టట. మరి వస్తున్నదేమిటో చెప్పమన్నారు.

ఏమిటో చెప్పడానికే కదా ఆయనకి నోరు రానిది. పైగా సరిగ్గా అప్పుడే బండారులంక పడవ వచ్చి రేవుకి ఆనింది. పట్టుచీర కుచ్చెళ్లు పట్టుకుని మహాలక్ష్మమ్మగారు అందులోనే నిలబడి ఉన్నారు.

"పృష్ఠభాగమండీ," అన్నారు ధర్మరాజుగారు.

డాక్టరుగారు పక్కవాళ్లని అడిగారు. ఒకాయన వీపన్నాడు, ఇంకొకాయన తనకి తెలీదన్నాడు. ఈసారి ధర్మరాజుగారు కూర్చునే చోటని చెప్పారు. పుట్టని దూడ ఎక్కడ కూర్చుందండీ అని డాక్టరుగారు విసుక్కున్నారు. ఇవతలి గట్టు మీద అందరికీ అర్థమైంది. ఒక్కడన్నా కేకేసి చెప్పొచ్చు కదా. చెప్పరు. ధర్మరాజుగారి నోట ఆ మాట వినాలని చెవులు రిక్కించుకుని కూర్చున్నారు వెధవలు. అక్కడ గేదె చచ్చిపోతోందన్న జ్ఞానం ఎవడికీ లేదు.

డాక్టరుగారు రెండో కాలు కూడా పడవలో పెట్టారు. పడవవాడు తాడు విప్పాడు.

ధర్మరాజుగారికి గౌరి కళ్లు గుర్తొచ్చాయి. తను పాకలోంచి వచ్చేస్తుంటే తలతిప్పి చూసింది. ఆయనకి ఏడుపొచ్చింది. గట్టిగా కళ్లు మూసుకుని, బతుకులో ఎన్నడూ ఎత్తనంత గొంతెత్తారు.

"ముడ్డండీ. దూడ ముడ్డి ముందొచ్చేస్తోందండీ, ఆయ్."

డాక్టరుగారు పడవలోంచి గట్టుమీదికి ఒక్క దూకు దూకి, ఆ ముక్క ముందే అంటే ఈపాటికి కాలువ దాటేసేవాణ్ణి కదా అని తిట్టుకుంటూ బల్లకట్టు ఎక్కారు.

ధర్మరాజుగారు కళ్లు తెరవలేదు. పరువు పోయింది, కూతురి కాపురం ఏమవుతుందో అనుకుంటున్నారు. పక్కనుంచి మహాలక్ష్మమ్మగారి గొంతు వినబడింది.

"బతికించేరండి అన్నయ్యగారూ. మీ ముందు ఏ మాట జారతానోనని పెళ్లిలో నోరు కట్టేసుకుని చచ్చేనండి. మీ అమ్మాయి కుండ ఆసనం తోమమంటే మా పనిమనిషి పీటలన్నీ కడిగేసిందండి. పదండి, ముందు గేదె సంగతి చూద్దారి."

ఆవిడ పట్టుచీర బిగించి దోపి, నేరుగా పాకలోకి నడిచారు. గౌరి తోక పక్కకి ఒత్తిపట్టి నిలబడ్డారు. డాక్టరుగారు మోచేతిదాకా చెయ్యి పెట్టి, దూడని లోపలికి నెట్టి, మడతపడ్డ కాళ్లు ఒక్కొక్కటీ సరిచేసి బయటికి లాగారు. కాసేపు ఊపిరి లేదు. మహాలక్ష్మమ్మగారు గడ్డిపరక ముక్కులో పెట్టి తిప్పితే తుమ్మింది. పెయ్యదూడ. గౌరి నాకడం మొదలుపెట్టింది, తిన్నగా ఆ ముందొచ్చిన చోటినుంచే. ధర్మరాజుగారు అందరి ముందూ కళ్లు తుడుచుకున్నారు.

ఈ హడావుడిలో వీరాయమ్మ పొయ్యిమీద వదిలేసొచ్చిన బూరెల సంగతి, మాడు వాసన వచ్చేదాకా ఎవరికీ గుర్తులేదు. పాక గుమ్మంలో నిలబడ్డ వీరాయమ్మని ధర్మరాజుగారు పిలిచారు.

"వీరాయమ్మా, కళాయి ముడ్డి మాడుతున్నట్టుంది, చూడమ్మా."

వీరాయమ్మ వంటింట్లోకి వెళ్లలేదు. కళాయిని మాడనిచ్చింది. మొగుడి మొహంలోకి చూస్తూ అక్కడే నిలబడి, "ఇంకోసారి అనండి," అంది.