బి సైడులో మిగిలిన ఇరవై నిమిషాలు

శశికుమార్‌కు తాగుడు లేదు, పేకాట లేదు. పుట్టింటికి పోయినప్పుడు చెప్పుకోవడానికి రేణుకు ఒక్క కష్టమైనా మిగల్చని మొగుడు. పోనీలే పాపమని దేవుడు అతనికి ఒకే ఒక్క చెడ్డబుద్ధి ఇచ్చాడు: పాడేవాడు లేని పాటలు కొనడం. మాట ఉండదు, వీణ ఉండదు, తబలా ఉండదు. అంతా కంప్యూటరు వాయింపు. మత్తిగిరిలోని ఆ రెండు గదుల ఇంట్లో అవి మోగుతుంటే, పిండిమర ఒకటి దారి తప్పి తన ఊరు వెతుక్కుంటున్నట్టుండేది.

తొంభై ఏడులో ఒక ఆదివారం, ఫ్యాక్టరీ స్నేహితుడి దగ్గరున్న విదేశీ ఆల్బమ్‌ను హోసూరు బస్టాండు దగ్గరి రికార్డింగ్ అంగడిలో క్యాసెట్టుకు ఎక్కించుకొచ్చాడు. క్యాసెట్టు అరవై నిమిషాలది. ఆల్బమ్ నలభైకే అయిపోయింది. బి సైడులో పది నిమిషాలు కాగానే వాయింపు ఆగి, ఉత్త బుస్సుమనే చప్పుడు మిగిలింది.

“ఇదేం న్యాయం? సగం విస్తరి ఖాళీగా పెట్టి, భోజనమైపోయింది లెయ్యమంటే లేస్తామా?” అంది రేణు.

“ఆల్బమంటే అంతేనే. ఆయప్ప చేసిందే అంత. పాటల్ని తూకానికి కొంటామా?”

“ఊరందరికీ ఆ అంగడాయన చివరిదాకా నింపి ఇస్తాడు కదా, మనకేం తక్కువ?”

అదీ నిజమే. హోసూరులో క్యాసెట్టు రికార్డు చేయించుకున్నవాళ్లు చివర ఖాళీ ఒప్పుకునేవాళ్లు కాదు. పాట సగంలో తెగినా సరే, టేపు నిండాలి.

ఈ గొడవలోకి రానిది అత్త అంజనమ్మ ఒక్కతే. తళి పక్క పల్లెలో గొర్రెలు కాసిన మొగుడు మారప్ప చనిపోయాక కొడుకు దగ్గరికొచ్చిన మనిషి. విచిత్రంగా ఆమెకు ఆ ఖాళీయే నచ్చింది. మధ్యాహ్నం కొడుకు డ్యూటీకి పోగానే టేప్‌రికార్డరు ముందు చాప వేసుకునేది.

“ఏముందత్తా అందులో?”

“మీ మామ ఉండాడు. దూరంగా, గట్టు మీద. గొర్రెల్ని పిలస్తా, నన్నూ పిలస్తా ఉండాడు. నేను పలికితే ఆడనే నిలబడతాడు.”

రేణు చెవి ఆనించింది. బుస్సు తప్ప ఏమీ లేదు. ఫిజిక్స్ డిగ్రీ ఊరకే పోకూడదని, అది టేపు తిరిగే చప్పుడని వివరించింది. అంజనమ్మ నవ్వి, స్పీకరులోకి వంగి, “ఊఁ, ఈడనే ఉండాను” అంది.

అత్త అన్నం కూడా మాని వినడం మొదలుపెట్టాక రేణుకు భయం పట్టుకుంది. ఖాళీ ఉంటేనే కదా ఈ రోగం! మర్నాడే క్యాసెట్టు పట్టుకుని అంగడికి పోయింది.

“ఏం నింపేదమ్మా?” అన్నాడు అంగడి రామచంద్రప్ప.

“ఏదైనా సరే. గట్టిగా ఉండాల.”

ఇరవై నిమిషాలూ జాతర డప్పులు నింపిచ్చాడు.

ఆ మధ్యాహ్నం డప్పులు మొదలవగానే అంజనమ్మ మొహం పాలిపోయింది.

“ఎంత పని చేసినావమ్మా! ఆయన పిలస్తానే ఉండాడు. నేను పలికేది ఆయనకు వినబడలేదు.”

“అయితే విసిగి ఆపేస్తాడులే అత్తా.”

“ఆపడు. దగ్గరికొస్తాడు.”

రెండో రోజు ఇంట్లో తడిసిన ఉన్ని వాసన. మత్తిగిరి పశువుల ఫారం మీదుగా వీచిన గాలి అనుకుంది రేణు. మూడో రోజు బట్టలు తీయడానికి వాకిట్లోకి వస్తే, పొద్దున వేసిన ముగ్గు నిండా గిట్టల గుర్తులు. అన్నీ ఇంటివైపు వచ్చినవే. వెనక్కి పోయినది ఒక్కటీ లేదు.

ఆమె లోపలికొచ్చి గడియ పెట్టింది. ఆ పిలుపు కోసం అత్త పెట్టుకున్న టేపు మోగుతూనే ఉంది. డప్పుల సందులోంచి, తలుపుకు అవతల, ఎవరో మగమనిషి నాలుక మడిచి, గొర్రెల్ని పిలిచినట్టు పిలిచాడు. ఈసారి రేణుకూ వినబడింది.

అంజనమ్మ కొంగు బిగించి లేచింది. “వస్తా ఉండాను, ఉండు” అంటూ గడియ మీద చెయ్యి వేసింది.

రేణు ఒక చేత్తో టేపు ఆపి, రెండో చేత్తో అత్త మణికట్టు గట్టిగా పట్టుకుంది. మంచులా ఉంది ఆ చెయ్యి. తలుపు అవతల ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నారు.

“మామా,” అంది తలుపుకేసి. “తప్పు నాదే. అత్త పలకతానే ఉండింది. మీకు వినబడకుండా చేసింది నేనే.”