తూటాల గొట్టంలో యాష్ కర్ర

అక్టోబరు వస్తే ఆ సరస్సు ఒడ్డున ఇంటింటా ఆకురాయి చప్పుడే. అక్కడి బురదలో మొలిచే యాష్ అనే చెట్టు కర్ర, నరికి చెక్కాక కూడా పెరగడం మానదు మరి. కుర్చీ కాళ్ళు, గొడ్డలి పిడి, ఏదైనా గోళ్ళు తీసినట్టు తీస్తూ ఉండాల్సిందే.

బాతుల వేటకి తుపాకీలో మూడు తూటాలకి మించి పట్టకూడదని రూలు: పై అరలో ఒకటి, కింద తూటాలు నింపే గొట్టంలో రెండు. అందుకే పంప్ తుపాకీల ఆ గొట్టంలో మూడోది పట్టకుండా కర్రముక్క దూరుస్తారు. వేట అయ్యాక తీసి పొయ్యిలో పడేస్తారు, లేకపోతే పెరిగి గొట్టాన్నే చీల్చేస్తుంది. ఏటా కొత్త ముక్కలు చెక్కేది హాల్వర్ పెద్దకొడుకు ఆర్విడ్.

"వేలెడు తక్కువ కొయ్యరా. తెల్లారేసరికి అదే పెరిగి సరిపోతుంది," అన్నాడు హాల్వర్, కర్ర బల్లమీద పెట్టి. "నీది పనిముట్ల చెయ్యి. గురి మాత్రం తమ్ముడిదే."

పడవలో తండ్రి పక్కన ముందు సీటు ఒక్కటే. అది ఎప్పుడూ తమ్ముడు నీల్స్‌దే. ఆర్విడ్‌ది వెనక, తెడ్ల దగ్గర.

"అన్నా, నాది బాగా నున్నగా చెక్కు. పోయినేడు గీసుకుంది," అంటూ నీల్స్ ఆర్విడ్ మగ్గులో కాఫీయే తాగేశాడు.

"నీకేం, మహారాజువి. కూర్చుని కాల్చడమే కదా."

"కుళ్ళా?"

"నీమీదా? ఛీ, పోరా."

వాడు వెళ్ళాక ఆర్విడ్ ఒకే కర్రని రెండు ముక్కలు చేశాడు. తనది వేలెడు తక్కువ కోశాడు. తమ్ముడిది రెండు వేళ్ళు తక్కువ. ఇంకో తూటా పడుతుంది. పొద్దున్నే రేవులో తుపాకులు తనిఖీ చేసే వార్డెన్ చూస్తుంది, లైసెన్సు లాక్కుంటుంది. ఆ సీటు తనదవుతుంది. అంతే కదా, పెద్ద తప్పేం కాదు, అనుకున్నాడు.

తెల్లారి రేవులో వార్డెన్ మార్గిట్ నీల్స్ తుపాకీ అందుకుని గొట్టంలో ఒక తూటా నొక్కింది. రెండోది. మూడోది దూరలేదు.

"ఈ ఏడు నీ కర్ర ఏపుగా పెరిగిందే," అందామె.

"మా అన్న చేతి చలవ," అన్నాడు నీల్స్.

ఆఖరికి కర్ర కూడా వాడి పక్షమే, అనుకున్నాడు ఆర్విడ్. పళ్ళు బిగించి తన తుపాకీ ఇచ్చాడు. ఒకటి. రెండు. మూడోది మెత్తగా లోపలికి జారింది. ముక్క బయటికి తీసి చూస్తే, సాయంత్రం కోసిన చోట రంపపు గీతలు తాజాగా ఉన్నాయి. గోరంత కూడా పెరగలేదు. ఆ కర్ర పెరుగుదలంతా తమ్ముడి ముక్కకే పోయింది.

మార్గిట్ అతని లైసెన్సు జేబులో పెట్టుకుంది. "వచ్చే ఏడు చూద్దాంలే, ఆర్విడ్."

హాల్వర్ పడవెక్కి తెడ్లు చూపించాడు.

"అన్నా, బాధపడకు. నేను కొట్టినవాటిలో సగం నీవే," అన్నాడు నీల్స్, ముందు సీట్లో సర్దుకుంటూ.

ఆ మాట తూటా కంటే లోతుగా దిగింది. ఆ సీజనంతా ఆర్విడ్ తెడ్లే వేశాడు, ఎదురుగా తమ్ముడి వీపు చూస్తూ.