మొలలోతు నీళ్ళు

ఏలూరులో ఆఫీసు పెట్టుకున్న ఆర్కిటెక్టు ప్రసూనకు ఆ ఉదయం కాఫీ కూడా సహించలేదు. కొల్లేటి లంకలో తాను గీసిన అంగన్‌వాడీ బడికి పదింటికి బేస్‌మెంటు కాంక్రీటు వేస్తారు. వరదొస్తే ఊళ్ళో చంటిపిల్లలు తలదాచుకోవాల్సింది అందులోనే.

ఆ ప్లాను ఆమె ఒక్కతే గీసిందా అంటే, కాదు. వెలుతురు, గాలి, వేడి, ఖర్చు, వరద మట్టం అన్నీ కంప్యూటర్‌కు చెప్పి, దేనికెంత ప్రాముఖ్యమో అంకెల్లో ఇచ్చింది. అది మూడు రోజులు మల్లగుల్లాలు పడి, నాలుగువందల నమూనాల్లోంచి ఒకటి తేల్చింది. బేస్‌మెంటు ఎత్తు వీధి మీంచి నాలుగడుగులు. అంత తెలివైన యంత్రం తప్పు చెబుతుందా? చెప్పదు. మనం పెట్టిన తప్పునే ముస్తాబు చేసి తిరిగిస్తుంది.

లంకకు చేరేసరికి మేస్త్రీ పాపారావు మిక్సర్ తిప్పబోతున్నాడు. ఎందుకైనా మంచిదని ప్రసూన పక్కనే ఉన్న ఆయా గ్రేస్ ఇంటికి వెళ్ళింది.

"వరదకి మొలలోతు వచ్చిందన్నారు కదండీ. ఎక్కడిదాకానో ఒకసారి చూపిస్తారా?"

గ్రేస్ మెట్లెక్కి గదిలోకి వెళ్ళి, గోడ మీద మొల ఎత్తున ఉన్న మట్టి చారకు చెయ్యి ఆనించింది. "ఇదిగోండి, ఇక్కడిదాకా."

ప్రసూన టేపు తీసి చారనూ, గది నేల ఎత్తునూ కొలిచింది. వీధిలో మొలలోతు అనుకుని తను మూడడుగులు రాసుకుంది. వీళ్ళు ఇంట్లో నిలబడి చెప్పారు. ఇంటి బేస్‌మెంటు రెండున్నర అడుగులూ కలిపితే వీధిలో అయిదున్నర. తన బడిలో అడుగున్నర నీళ్ళు నిలుస్తాయి. కూర్చున్న చంటిపిల్లకు అది మెడలోతు.

పరుగున వచ్చింది. "పాపారావుగారూ, ఆపెయ్యండి. ఎత్తు లెక్క తప్పింది."

"గవర్నమెంటు ఆఫీసువాళ్ళు తప్పెవరిదంటే ఏం చెప్పమంటారండీ?"

"నాదేనని చెప్పండి."

గ్రేస్ అరుగు మీదే లాప్‌టాప్ తెరిచి, ఆ నాలుగువందల నమూనాల్లోనూ ఎత్తును వరద మట్టం కన్నా అడుగున్నర ఎక్కువగా, ఏడడుగులు చేసి చూసింది. లెక్కంతా తలకిందులైంది. ర్యాంపు పొడుగై వరండాను మింగేసింది. ఖర్చు సరిపెట్టడానికి పైకప్పు కిందికి దిగింది, గది ఉడికిపోతుందని తెర ఎర్రబడింది. అయిదూ కుదిరే నమూనా ఒక్కటీ లేదు.

"దేన్ని వదులుకోవాలో తెలియట్లేదండీ," అంది చివరికి.

గ్రేస్ తెరకేసి చూడనైనా లేదు. "వేడిదేముందండీ, ఎండాకాలం పిల్లల్ని చర్చి వరండాలో కూర్చోబెట్టుకుంటాను. నీళ్ళొస్తే ఎక్కడ కూర్చోబెట్టనండీ?"

ప్రసూన వేడికిచ్చిన అంకెను బాగా తగ్గించింది. నీళ్ళకిచ్చిన అంకెను తీసేసి, ఏడడుగులకు తగ్గడానికి వీల్లేదని రాసింది. తర్వాత లెక్కను మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టింది.