లాగిన్ గంటల లెక్క తేల్చినదాన్ని

నేను పద్నాలుగు వరుసల షెల్ స్క్రిప్ట్‌ని. కంప్యూటర్ చేత ఒక పనిని మొదటి నుంచి చివరిదాకా చేయించడానికి రాసిపెట్టుకునే ఆదేశాల చీటీ లాంటిదాన్ని. గోదావరి జిల్లాలోని ఒక ఇంజినీరింగ్ కాలేజీలో, రెండో అంతస్తు ల్యాబ్‌లో పుట్టాను. నన్ను రాసింది ల్యాబ్ ప్రోగ్రామర్ కనకవల్లి. మధ్యాహ్నం భోజనం తర్వాత మొదలుపెట్టి, టీ వచ్చేసరికి ముగించింది. మధ్యలో నన్ను రెండుసార్లే తిట్టింది.

రాయమన్నది మాత్రం కంప్యూటర్ శాఖ అధిపతి విజయగోపాలరాజు గారు. పిల్లలు ల్యాబ్‌కు సరిగ్గా రావడం లేదని ఆయనకు గట్టి అనుమానం. సెమిస్టర్ మొత్తంలో నలభై గంటలైనా లాగిన్ అయి ఉండని వారిని ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోనివ్వబోమని నోటీసు అంటించారు. ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో, ఎప్పుడు బయటపడ్డారో సర్వర్ ఎలాగూ రాసుకుంటుంది. ఆ సమయాలను పేరు పేరునా కూడి జాబితా ఇవ్వడం నా పని.

నోటీసు పడిన మర్నాటి నుంచి ల్యాబ్‌లో ఒక్క కంప్యూటరూ ఖాళీ లేదు. కుర్చీలు మాత్రం చాలావరకు ఖాళీయే. పిల్లలు పాస్‌వర్డ్ కొట్టి, కుర్చీలో బ్యాగు పెట్టి, క్యాంటీన్‌కు వెళ్లిపోయేవారు. అక్కడ వాళ్లు పునుగులు తింటున్నంతసేపూ ఇక్కడ వాళ్ల గంటలు పెరిగేవి. నేను శ్రద్ధగా కూడేదాన్ని. పునుగుల సంగతి నాకెవరూ చెప్పలేదు.

నెల తిరిగాక, సెమిస్టర్ మొదటి రోజు నుంచి కూడి తొలి జాబితా ఇచ్చాను. విద్యార్థుల్లో అందరికన్నా కింద నసీమా ఉంది. ఆరు గంటల పది నిమిషాలు. ఆ అమ్మాయి ప్రోగ్రామ్‌ను ఇంటి దగ్గరే కాగితం మీద రాసుకుని, తప్పులన్నీ అక్కడే దిద్దుకుని వచ్చేది. టైపు చేసి, ఫలితం చూసుకుని, మూడు గంటల బస్సు అందుకునేది. జాబితా చూసి కనకవల్లి దగ్గరకు వచ్చింది.

“పరీక్ష పోతే ఏడాది పోద్ది మేడం. మా నాన్న మళ్లీ పంపరు” అంది. ఏడవలేదు. కాగితాల కట్ట బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

కనకవల్లి ఆ కాగితాలు తిరగేస్తూ చాలాసేపు కూర్చుంది. నాలో ఒక్క అంకె మారిస్తే ఆరు అరవై అయ్యేది. ఆమె చెయ్యి కీబోర్డు దాకా వచ్చి ఆగింది. ఆ సాయంత్రం నన్ను ముట్టుకోలేదు.

మర్నాడు ఉదయం రాజు గారే జాబితా పట్టుకుని దిగారు. నేను అందరినీ లెక్క వేశాను, అధ్యాపకులతో సహా. నసీమా కింద ఇంకొక పేరు ఉంది. అది ఆయనదే. అయిదు గంటల నలభై నిమిషాలు.

“ఏంటమ్మా ఇది? రోజంతా నా గదిలో కంప్యూటర్ ముందే ఉంటాను కదా. పిల్లలు చూస్తే ఏమనుకుంటారు? సరిచెయ్యి.”

నిజమే, తప్పు నాదే. లాగిన్ రోజు దాటితే సర్వర్ మొదట రోజుల సంఖ్య, తర్వాత ప్లస్ గుర్తు, ఆపైన గంటలు రాస్తుంది. నేను గంటలు తీసుకుని రోజుల్ని వదిలేశాను. కనకవల్లి ఒక వరుస మార్చి, ఆయన ఎదుటే నన్ను నడిపింది.

ఈసారి రాజు గారు జాబితాలో అందరికన్నా పైన ఉన్నారు. రెండు వేల రెండు వందల పదమూడు గంటల నలభై నిమిషాలు.

ఆయన ముఖం వెలిగింది. ఆపైన మెల్లగా భాగహారం చేసుకున్నట్టున్నారు, వెలుగు తగ్గింది.

“ఇన్ని గంటలు ఎలా వచ్చాయి?”

“మీరు లాగవుట్ చెయ్యరు కదండీ సార్. సర్వర్ ఆగినప్పుడే మీ లాగిన్ ఆగుద్ది. మీరు కాశీ వెళ్లిన తొమ్మిది రోజులు కూడా ఇందులో ఉన్నాయండి.”

“అప్పుడు నేను ఇక్కడ లేను కదమ్మా.”

“లేరండి. లాగిన్‌లో ఉన్నారు.”

రాజు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “నా పేరు తీసెయ్యి” అన్నారు.

“తీసేస్తానండి. కానీ ఈ అమ్మాయి పేరు సంగతి కూడా చూడండి సార్.” ఆమె కాగితాల కట్టను ఆయన ముందుకు జరిపింది.

ఆయన నిలబడే చదవడం మొదలుపెట్టారు. మూడో కాగితానికి కూర్చున్నారు. పదో కాగితం మీద ఎర్ర పెన్నుతో ఒక కొట్టివేత, పక్కనే నసీమా చేతిరాతలో ‘ఇలా అయితే సున్నాతో భాగించినట్టవుతుంది’ అని. ఆయన ఆ వాక్యం రెండుసార్లు చదివారు. కాగితాలు సర్ది లేచి, తలుపు దగ్గర ఆగి, “నోటీసు చింపించెయ్యమ్మా” అని వెళ్లిపోయారు.

ప్రాక్టికల్ పరీక్ష గురువారం జరిగింది. నసీమా పది గంటల రెండు నిమిషాలకు లాగిన్ అయింది. పది గంటల ఇరవై మూడుకు లాగవుట్ చేసింది. సరిగ్గా ఇరవై ఒక్క నిమిషాలు. పరీక్షకు వచ్చిన బయటి అధ్యాపకుడు ఆమె ప్రోగ్రామ్‌ను చదవడానికి అంతకన్నా ఎక్కువసేపు పట్టిందట.

ఇప్పుడు నన్నెవరూ జాబితా అడగరు. కనకవల్లి నన్ను రెండో సంవత్సరం పిల్లలకు అభ్యాసంగా ఇచ్చింది. ప్రతి ఏడూ నలభై మంది నన్ను మళ్లీ రాస్తారు, నలభై రకాలుగా తప్పు రాస్తారు. ఒకడి చేతిలో నా మొత్తం మైనస్‌లోకి పోయింది. ఇంకొకామె చేతిలో గంటకు వంద నిమిషాలయ్యాయి. సాయంత్రానికి ఎలాగో సరవుతాను.