లైటు పొలం

కోర్టులో నోరు పెగలనివాళ్లే పాఠాలు చెప్పుకోవడానికి పోతారని పక్కింటి హనుమాయమ్మ అందట. అన్నది కాలవ గట్టు మీద బట్టలుతుకుతూ. విన్నది నలుగురు. ఆ మాట రాయచూరు జిల్లా జవళగేర పక్కన, కాలవ కింద పొలాలు కొనుక్కున్న మన ఆంధ్రా వాళ్ల క్యాంపంతా చుట్టి చెన్నకేశవరావు తల్లి తులసమ్మ చెవిన పడేసరికి దానికి కాళ్లూ చేతులూ వచ్చాయి. జడ్జీగారే స్వయంగా, నాయనా చెన్నకేశవరావూ, నీకు వకాల్తా ఎందుకు, బడిపంతులుగా పో అన్నారని తేలింది.

తులసమ్మ ఈ ముక్కని కొడుక్కి మజ్జిగన్నంతో పాటు వడ్డించింది. చెన్నకేశవరావు కాదనలేదు. సగం నిజమే మరి. మూడేళ్ల నుంచి రాయచూరు కోర్టులో నల్లకోటు తొడుక్కుని కూర్చుంటే కోటు మోచేతుల దగ్గర తెల్లబడింది గాని కేసులు మాత్రం రాలేదు. ఇప్పుడు, అరవై ఏడులో, రాయచూరులో కొత్తగా తెరిచిన సాయంత్రపు లా కాలేజీలో ఒక పంతులు ఉద్యోగం ఖాళీ పడింది. పొలం, నీళ్లు, తిండిగింజలు, వీటి చట్టాలన్నీ కలిపి ఒకే పేపరు. ఇదీ రాకపోతే తెనాలి వెళ్లి మామగారి ఎరువుల కొట్లో కూర్చుంటానని భార్య రాజ్యలక్ష్మికి మాటిచ్చేశాడు. మామగారు అప్పుడే కుర్చీ కూడా చేయించి పెట్టాడు. ఆ కుర్చీ తలపుకొస్తే చాలు, చెన్నకేశవరావు మళ్లీ లా పుస్తకాలు ముందేసుకునేవాడు.

ఆదివారం పొద్దున పరీక్షకి బయల్దేరాడు. పరీక్షంటే కమిటీ ముందు ఒక పాఠం చెప్పి చూపించడం. తండ్రి బాపయ్య, ఇంజనుకి బెల్టు కొనాలంటూ అదే బస్సెక్కాడు. తీరా వెళితే ఆదివారమని బెల్టు కొట్టు మూసి ఉంది. పోనీలే, ఎటూ వచ్చాను గదా అని కొడుకు వెంట కాలేజీకి వచ్చాడు. వరండాలోనే కూర్చోమని, లోపలికి తొంగి కూడా చూడొద్దని చెన్నకేశవరావు పదిసార్లు చెప్పాడు.

సెలవు రోజు గనక పాఠం వినడానికి పిల్లలు లేరు. గుమాస్తానీ, తోటమాలినీ బెంచీల మీద కూర్చోబెట్టారు. జవాను తిమ్మన్న తనూ కూర్చున్నాడు. అప్పటికీ బెంచీలు బోసిగా కనిపించి, వరండాలో ఉన్న పెద్దాయన్ని చెయ్యి పట్టుకుని తెచ్చి వెనక కుదేశాడు. ఆయనెవరో తిమ్మన్నకి తెలీదు. తెలిసిన చెన్నకేశవరావు వెనక బెంచీ వైపు చూడటం మానేశాడు.

ఎదురుగా ఇద్దరు. ఒకరు ప్రిన్సిపాలు వెంకోబరావు, మునసబు కోర్టు నుంచి రిటైరైన మనిషి. రెండో ఆయన కమిటీ మెంబరు వీరభద్రయ్య, ధాన్యం బజారు గంజ్‌లో బియ్యం, పప్పుల దుకాణం ఆయనది. చెన్నకేశవరావు పది నిమిషాల పాటు ఇంగ్లీషులో సెక్షన్లు అప్పజెప్పాడు. వీరభద్రయ్య తల మెల్లిగా గుండెల మీదికి వాలింది.

వెంకోబరావు చెయ్యెత్తి ఆపాడు. "సెక్షన్లు కితాబుల ఉన్నయి నాయనా. మా దగ్గరికొచ్చేటోళ్లు మాన్వి, సింధనూరు రైతుల పిలగాండ్లు. మన జిల్లాల జరిగిన ముచ్చట ఒకటి చెప్పు, అండ్ల కానూను చూపెట్టు."

మొదలూ చివరా తెలిసిన ముచ్చట చెన్నకేశవరావు దగ్గర ఒక్కటే ఉంది. అది వెనక బెంచీలో కూర్చుని ఉంది. చెప్తే ఇంటిగుట్టు, చెప్పకపోతే తెనాలి కుర్చీ. కళ్లు మూసుకుని చెప్పడం మొదలెట్టాడు.

ఒక రైతు కృష్ణా జిల్లాలో రెండెకరాలు అమ్మి ఇక్కడ పన్నెండెకరాలు కొన్నాడు. అమ్మినవాడు ఇది లైటు పొలమన్నాడు, కాగితంలోనూ అదే ఉంది. రైతు పొంగిపోయాడు. పొలంలో కరెంటు దీపం వెలుగుతుందని చుట్టాలందరికీ ఉత్తరాలు రాయించాడు. లైటంటే తేలికపాటి తడి అని, జొన్నకీ పత్తికీ తప్ప వరికి కాలవ నీళ్లివ్వరని అతనికి తెలీదు. రెండేళ్లు కరెంటు స్తంభం కోసం చూస్తూ, చూస్తూ, వరి వేశాడు.

తిమ్మన్న పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకి వీరభద్రయ్య లేచాడు. ఆయనతో పాటు వెనక బెంచీలో ఇంకొకరు కూడా లేచారు.

"ఆ రైతుని నేనేనండి. వీడి తండ్రిని. వీడు సగమే చెప్పాడు" అన్నాడు బాపయ్య.

అయిపోయిందనుకున్నాడు చెన్నకేశవరావు. కాని మూడేళ్లుగా కోర్టులో పెగలని నోరు అప్పుడు పెగిలింది.

"వరి వెయ్యొద్దని నోటీసు వచ్చిందా, లేదా?"

"వచ్చింది. ఇంగ్లీషులో."

"నేను చదివి చెప్పానా, లేదా?"

"చెప్పావు. నాట్లు పడ్డ వారానికి చెప్పావు. పీకి మళ్లీ నారుమడిలో పెట్టమంటావా?"

ఇక బాపయ్యని ఆపడం ఎవరి తరమూ కాలేదు. నోటీసు ఇచ్చినవాళ్లు కాలవ ఆఫీసు వాళ్లు. కోతలయ్యాక గోతాలు పట్టుకుని వేరే ఆఫీసు వాళ్లు దిగారు. ఇన్నెకరాల వరికి ఇన్ని బస్తాలు సర్కారుకి అమ్మి తీరాలి, లెవీ అంటూ కొలిపించుకుని, రసీదిచ్చి పోయారు. ఒకరేమో ఇక్కడ వరి ఉండకూడదంటారు, ఒకరేమో ఆ వరిలోనే వాటా పట్టుకుపోతారు.

"నా పొలంలో వరి ఉన్నట్టా, లేనట్టా, మేష్టారూ?" అన్నాడు కన్నకొడుకుని.

చెన్నకేశవరావు నల్లబల్ల మీద ఒక పక్క చేను గీశాడు, ఇంకో పక్క గోతాం గీశాడు. "గింజ చేలో ఉన్నంతసేపు నీళ్ల చట్టం కింద ఉంటుంది. గోతాంలో పడితే తిండి చట్టం కిందికి వస్తుంది. దీని సంగతి దానికి తెలీదు. అందుకే రెండూ ఒకే పంతులు చెప్పాలి. లెవీ తీసుకున్నారు గదా అని తప్పు ఒప్పయిపోదు నాన్నా. నువ్వు నేరస్తుడివే. కాకపోతే, సర్కారు నీ ఇంటే విస్తరేసుకుని భోంచేసి వెళ్లిన నేరస్తుడివి."

ఆ తర్వాత అరగంట ఎట్లా గడిచిందో ఎవరికీ తెలీదు. అర్జీ ఎవరికి పెట్టుకోవాలి, ఏమని వాదించాలి, ఎక్కడ ఓడిపోతాం, అన్నీ చెప్పాడు. గుమాస్తా తన అన్నగారి పొలం సర్వే నంబరు చెప్పి సలహా కూడా అడిగేశాడు. అదే గింజ బియ్యమై దుకాణంలోకి వచ్చాక ఏ కానూనని వీరభద్రయ్య అడిగాడు. అది మూడోది, కల్తీ చట్టం, అందులో మట్టిగడ్డలూ పలుగురాళ్లూ కూడా లెక్కకొస్తాయని చెన్నకేశవరావు మొదలెట్టగానే, ఈ పూటకు చాలని వీరభద్రయ్యే చేతులూపాడు.

వెంకోబరావు అక్కడికక్కడే కాగితం మీద సంతకం చేసిచ్చాడు. "రేపటికెల్లి రా. సెక్షన్లు జర తగ్గించు."

చెన్నకేశవరావు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, మళ్లీ తీసి చూసుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

అప్పుడు వెంకోబరావు బాపయ్య వైపు తిరిగాడు. "పెద్దమనిషీ, ఒక్క మాట. కానూను చెప్పే పంతులింట్లనే కానూను తప్పితె పిలగాండ్లు నవ్వుతరు. వచ్చే పంటకన్న వరి బంద్ పెట్టి జొన్న ఏస్తవా?"

వీరభద్రయ్య వత్తాసు పలికాడు. జొన్న ఒంటికి బలమని, వెనకటోళ్లు జొన్నరొట్టె తినే నూరేండ్లు బతికిండ్రని, అసలు ఈ గడ్డకి పుట్టిన పంటే అదని చాలాసేపు చెప్పాడు. ఒప్పుకోమని చెన్నకేశవరావు కళ్లతోనే తండ్రిని బతిమాలుకున్నాడు.

బాపయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"వేస్తానండీ, దానికేముంది. ఇంతకీ ఇవ్వాళ తమరి ఇళ్లల్లో ఏం వండారు?"