కొండ మీద కామెంటరీ

సువాలో ఓడల కంపెనీ టికెట్ కిటికీ దగ్గర కూర్చునేది నేను. ఇంజన్ల హోరు మీద అరిచి అరిచి నా గొంతు ఇలా తయారైంది. "లైసానీ, కాస్త మెల్లగా!" అనని మనిషి మా ఆఫీసులో లేడు. ఆ గొంతే ఒకరికి జీతం పెంచుతుందని ఎవరనుకున్నారు?

మెరెవై మా మేనమామ కూతురు, నాకు వదిన. మా ఫిజీలో ఈ వరసవాళ్ళు ఎదురుపడితే ఆటపట్టించుకోకపోవడమే తప్పు. అదే కంపెనీలో టికెట్ల కంప్యూటర్లు ఆవిడ చూస్తుంది. అవి ఎప్పుడూ ఆగవు. సరుకుల కంప్యూటర్లు ఫిలిపే చూస్తాడు. అవి నెలకోసారి ఆగుతాయి. ఆగినప్పుడల్లా ఫిలిపే చెమటలు కక్కుతూ పరిగెడతాడు, ఆఫీసులోనే చాప పరుచుకుని పడుకుంటాడు, పొద్దున్నే అందరూ చప్పట్లు కొడతారు. అతనికి పని నేర్పింది మా వదినే. జీతం మాత్రం అతనికే ఎక్కువ.

వదినకు ఒళ్ళు మండిందో లేదో గానీ నాకు మండింది. ఇంటద్దెకు చాలక ఆవిడ శనివారాలు చీకటితో లేచి కేకులు చేసి మార్కెట్లో అమ్ముతుంది. జీతం పెరిగితే శనివారం పూట కంటినిండా నిద్రపోవాలని ఆశ. అంతకు మించి ఏమీ లేదు.

ఈ ఏడు ధైర్యం చేసి మేనేజర్ కమలేశ్ సార్‌ని అడిగింది.

"మీ వైపు ఏమీ జరగదు కదమ్మా," అన్నాడాయన ఎంతో ప్రేమగా. "ఫిలిపే అయితే మమ్మల్ని ఎన్నిసార్లు గట్టెక్కించాడో!"

నేను ఊరుకుంటానా? "సెలవు పెట్టు వదినా. ఊరికి పోదాం. నువ్వు లేకపోతే అన్నీ కూలతాయి, ఆయనే కాళ్ళబేరానికొస్తాడు," అన్నాను.

ఇద్దరం కోరో దీవికి పోయాం. మా ఊళ్ళో ఫోన్ పలికేది కొండ మీద ఒక్కచోటే. రోజూ సాయంత్రం ముందు వదిన, వెనకాల ఉడకేసిన కర్రపెండలం పట్టుకుని నేను.

"కూలిందా?"

"లేదే," అనేది మొహం వేలాడేసుకుని. అంత గట్టిగా పని చేసి పెట్టుకుంది మహాతల్లి.

రెండోవారం శుక్రవారం ఫోన్ టింగుమంది. వదిన కళ్ళు పెద్దవయ్యాయి. "సర్వర్‌లో జాగా నిండిపోతోంది. ఇంకో గంటలో టికెట్లు ఆగిపోతాయి!"

నేను ఎగిరి గంతేశాను. "ఆగనీ!"

"రేపు రేవులో జనం పిల్లల్తో, పందుల్తో ఎండలో నిలబడిపోతారు లైసానీ."

"నిలబడనీ! ఒక్కరోజేగా!"

అప్పటికే ఆవిడ బొటనవేళ్ళు ఫోన్ మీద ఆడుతున్నాయి. నేను లాక్కునేలోపే పాత చెత్తంతా తీసేసి, జాగా చేసేసి, కర్రపెండలం ముక్క నోట్లో వేసుకుంది. నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఇందుకా రోజూ కొండెక్కింది? ఫోన్ లాక్కుని కమలేశ్ సార్‌కి చేశాను.

"సార్! టికెట్లు కూలబోతున్నాయి సార్!"

"అయ్యో! మెరెవై ఎక్కడ?"

"కొండెక్కుతోంది సార్! వాన సార్! జారింది... లేచింది... మళ్ళీ పరుగు!" చిన్నప్పట్నుంచీ రేడియోలో రగ్బీ వింటూ పెరిగిన ప్రాణం నాది, ఆపుకోలేకపోయాను. "ఎడమవైపు నుంచి దూసుకొచ్చింది! తప్పించింది సార్!"

"ఎవర్ని?"

"ఎర్రర్‌ని సార్!"

"ఒక్కసారి ఆమెకివ్వు!"

"మాట్లాడే స్థితిలో లేదు సార్!" అది మాత్రం నిజం, నోటినిండా కర్రపెండలమే.

అరగంట ఆడించాను. చివరికి "గీత దాటేసింది సార్! బతికాం!" అని అరిస్తే, అవతల ఆయన ఏడ్చినంత పని చేశాడు.

సెలవు అయ్యాక మీటింగులో వదినకు చప్పట్లు కొట్టించాడు. ఆవిడ ఊరుకోవచ్చుగా? లేచి నిలబడింది. "సార్, అది రెండు నిమిషాల పని. అక్కడ వానే లేదు. నేను తింటూ కూర్చున్నాను, అరిచింది లైసానీ."

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

కమలేశ్ సార్ మళ్ళీ చప్పట్లు మొదలుపెట్టాడు. "వినయం అంటే ఇదీ! ఫిలిపే, నేర్చుకో!"

వదిన జీతం ఫిలిపే జీతాన్ని దాటిపోయింది.

మెట్ల దగ్గర ఆవిడ ఆగింది. "ఆరేళ్ళు ఏదీ కూలకుండా చూసుకున్నానే. ఒక్క డాలరు విదల్చలేదు. కర్రపెండలం తిన్నందుకు పెంచారు."

"తిన్నందుకు కాదు వదినా, నేను అరిచినందుకు."

నవ్వింది గానీ కళ్ళు తుడుచుకుంది.

ఆ శనివారం బాగా పొద్దెక్కాక వాళ్ళింటికి వెళ్ళాను. పొయ్యి చల్లగా ఉంది. వదిన మంచానికి అడ్డంగా పడి గురక పెడుతోంది. పక్కన ఫోన్ టింగుమంది. ఆవిడ సగం కన్ను తెరిచింది, బొటనవేళ్ళు చకచకా ఆడాయి, మళ్ళీ గురక మొదలైంది. రేవులో ఓడ టైముకే కూత వేసింది.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నేను గొంతెత్తలేదు. తలుపు చప్పుడు కాకుండా వేసి వచ్చేశాను.